పదిహేడో ఏట సిగరెట్ వెలిగించింది ఎవరు?

చదువు ఎక్కువైనవాళ్లు సిగరెట్లు తక్కువ తాగుతారు, జబ్బులు తక్కువ పడతారు, ఎక్కువ కాలం బతుకుతారు. చాలా దేశాల లెక్కల్లో ఇదే వరస కనిపిస్తుంది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పట్టికలు తిరగేసినా అంతే. బడిలో గడిపిన ఏళ్లు పెరిగేకొద్దీ పొగాకు వాడేవాళ్ల శాతం తగ్గుతూ పోతుంది. చూడగానే ఎవరికైనా తోచే అర్థం ఒకటే: చదువు బుద్ధి నేర్పింది, బుద్ధి సిగరెట్ మాన్పించింది. ఈ అర్థం ఎంత హాయిగా ఉంటుందంటే, దాన్ని ఒకసారి పరీక్షించి చూద్దామన్న ఆలోచన కూడా రాదు. బళ్లు కట్టేవాళ్లకూ నచ్చుతుంది, ఆస్పత్రులు నడిపేవాళ్లకూ నచ్చుతుంది.

1982లో ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు ఆ పరీక్ష పెట్టారు. వాళ్లు ఫిలిప్ ఫారెల్, విక్టర్ ఫ్యూక్స్. అప్పుడే మొదలైన 'జర్నల్ ఆఫ్ హెల్త్ ఎకనామిక్స్' పత్రిక తొలి సంపుటంలో 'స్కూలింగ్ అండ్ హెల్త్: ది సిగరెట్ కనెక్షన్' అన్న పేరుతో వాళ్ల వ్యాసం వచ్చింది. మొత్తం పద్నాలుగు పేజీలు. అందులో గొప్ప గణితం లేదు, కొత్త సిద్ధాంతం లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క ప్రశ్న, ఆ ప్రశ్నను సరైన వయసు దగ్గర నిలబెట్టి అడిగిన తీరు. సాంఘిక శాస్త్రాల్లో నేను చదివిన పరిశోధనల్లో ఇంత తక్కువ సామగ్రితో ఇంత గట్టిగా కట్టినవి చాలా తక్కువ. అందుకే దీని లోపలి పనిని విడదీసి చూపించాలని ఉంది.

ముందు ఫ్యూక్స్ గురించి కొంత చెప్పాలి. 1924లో న్యూయార్క్‌లో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైన్యంలో పనిచేసి వచ్చాక కొన్నేళ్లు జంతువుల బొచ్చుతోళ్ల వ్యాపారంలో దళారీగా ఉన్నాడు. తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి ఆ వ్యాపారం మీదే పరిశోధన చేశాడు. 1957లో వచ్చిన అతని పుస్తకం బొచ్చుతోళ్ల పరిశ్రమ గురించే. సరుకును చేత్తో తడిమి, వెలుతురులో తిప్పి చూసి ధర కట్టే లోకం నుంచి వచ్చాడు కాబట్టేనేమో, అంకెను కూడా తిప్పి చూడందే నమ్మడు. 1974లో రాసిన 'హూ షల్ లివ్?' పుస్తకంలో నెవాడా, యూటా రాష్ట్రాలను పోల్చిన భాగం ఆరోగ్య ఆర్థికశాస్త్రం చదివేవాళ్లందరికీ తెలుసు. రెండూ పక్కపక్క రాష్ట్రాలు. ఆదాయం, చదువు, వాతావరణం, డాక్టర్ల సంఖ్య దాదాపు ఒకటే. కానీ నెవాడాలో పసిపిల్లల మరణాలు యూటాలోకంటే సుమారు 40 శాతం ఎక్కువ. యూటా జనంలో ఎక్కువమంది పొగకూ మద్యానికీ దూరంగా ఉండే మోర్మన్ మతస్థులు, కుటుంబాలు నిలకడగా ఉండేవాళ్లు. మనుషులు ఎలా బతుకుతారన్నది ఆస్పత్రి గుమ్మం దాకా రాకముందే చాలా నిర్ణయించేస్తుందని ఫ్యూక్స్ అప్పటికే గట్టిగా నమ్ముతున్నాడు.

అయితే ఆ బతుకు తీరు ఎక్కణ్నుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు అప్పటికి బాగా పేరున్న జవాబు ఆర్థికశాస్త్రజ్ఞుడు మైకేల్ గ్రాస్‌మన్‌ది. 1972లో 'ది డిమాండ్ ఫర్ హెల్త్' అన్న పుస్తకంలో ఆయన ఆరోగ్యాన్ని ఒక పెట్టుబడిగా చూశాడు. మనిషి కొంత ఆరోగ్యంతో పుడతాడు, అది ఏటా అరుగుతుంది, తిండితో, మందుతో, వ్యాయామంతో దాన్ని నింపుకుంటూ ఉంటాడు. చదువుకున్నవాడు అదే ఖర్చుతో, అదే సమయంతో ఎక్కువ ఆరోగ్యాన్ని సంపాదించుకోగలడన్నది ఆయన వాదం. చక్కటి సిద్ధాంతం, ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ పుస్తకాన్ని ప్రచురించింది ఫ్యూక్స్ పనిచేసిన నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రీసెర్చే. సొంత ఇంట్లో పుట్టిన సిద్ధాంతానికే ఫ్యూక్స్ పరీక్ష పెట్టాడన్నమాట. ఈ ధైర్యానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇక పని దగ్గరికి వద్దాం.

చదువూ ఆరోగ్యమూ కలిసి నడుస్తున్నాయంటే దానికి కారణాలు మూడు రకాలుగా ఉండవచ్చు. చదువు ఆరోగ్యాన్ని ఇచ్చి ఉండవచ్చు. ఆరోగ్యమే చదువును ఇచ్చి ఉండవచ్చు, ఎందుకంటే ఎప్పుడూ మంచంపట్టే పిల్లవాడు బడి మానేస్తాడు. లేదా మూడోది ఏదో రెండింటినీ నడిపిస్తూ ఉండవచ్చు. ఈ మూడింటినీ ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం చాలా కష్టం. రక్తపోటునో గుండె జబ్బునో పట్టుకుని ఈ పని చెయ్యలేం. రక్తపోటు ఫలానా ఏడాది మొదలైందని ఎవరికీ తెలియదు.

ఫారెల్, ఫ్యూక్స్ సిగరెట్‌ను ఎంచుకున్నారు. ఆ ఎంపికలోనే సగం పని అయిపోయింది. మొదటి సిగరెట్ కాల్చిన వయసు మనిషికి గుర్తుంటుంది. మానేసిన ఏడాది ఇంకా బాగా గుర్తుంటుంది. పైగా పదిహేడేళ్ల కుర్రాడు సిగరెట్ తాగినంత మాత్రాన ఒకటి రెండేళ్లలో జబ్బుపడి కాలేజీ మానుకునే పరిస్థితి రాదు. అంటే అనారోగ్యం చదువును దెబ్బతీసిందేమో అన్న రెండో కారణం దాదాపుగా తప్పుకుంటుంది. ఆరోగ్యానికి హాని ఎంతో అందరికీ తెలిసిన అలవాటు కాబట్టి ఫలితానికి బరువూ ఉంటుంది. ఇన్ని లక్షణాలు ఒకేచోట ఉన్న అలవాటు మరొకటి వెతికినా దొరకదు.

సమాచారం వాళ్లు సేకరించింది కాదు. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం హృద్రోగ నివారణ కార్యక్రమం కింద కాలిఫోర్నియాలో నాలుగు పట్టణాల ప్రజలను సర్వే చేసింది. గుండెను కాపాడుకోవడం గురించి పత్రికల్లో, టీవీల్లో ప్రచారం చేస్తే అలవాట్లు మారతాయా అన్నది ఆ కార్యక్రమం చూడాలనుకున్న విషయం. అందులో భాగంగా పెద్దవాళ్లను అడిగారు: సిగరెట్ తాగుతారా, ఏ వయసులో మొదలుపెట్టారు, మానేస్తే ఎప్పుడు మానేశారు? వేరే పనికోసం అడిగిన ఈ మామూలు ప్రశ్నల్లో ప్రతి మనిషి సిగరెట్ చరిత్రా ఏడాది ఏడాదిగా దాగి ఉందని ఈ ఇద్దరూ గమనించారు. ఇప్పుడు నలభై ఐదేళ్లున్న మనిషి పదిహేడో ఏట తాగేవాడో కాదో ఆ జవాబుల నుంచి లెక్కగట్టవచ్చు.

ఇక్కడ వాళ్లు వేసిన అడుగు చూడండి. కనీసం పన్నెండేళ్లు చదివినవాళ్లనే తీసుకున్నారు. పైన పద్దెనిమిదేళ్ల చదువు దగ్గర ఆపారు. అలా మిగిలినవాళ్లు 1,183 మంది స్త్రీపురుషులు, అందరూ తెల్లజాతివాళ్లే. పన్నెండేళ్లు ఎందుకు? అమెరికాలో పదిహేడేళ్ల వయసుకు పిల్లలు పన్నెండో తరగతిలో ఉంటారు. ఈ 1,183 మందిలో ఒకరు తర్వాత ఇంకో ఆరేళ్లు చదివి ఉండవచ్చు, ఒకరు హైస్కూలుతోనే ఆపేసి ఉండవచ్చు. కానీ పదిహేడో ఏట ఇద్దరూ ఒకే తరగతిలో ఉన్నారు, అప్పటిదాకా ఇద్దరి చదువూ సమానం. కాలేజీ ఇంకా ఎవరికీ ఏమీ నేర్పలేదు.

రెండో గీత ఇరవై నాలుగేళ్ల దగ్గర గీశారు. అప్పటికి చాలామంది చదువు పూర్తయి ఉంటుంది, సిగరెట్ అలవాటయ్యేవాళ్లకు అలవాటైపోయి ఉంటుంది. ఇప్పుడు పరీక్ష తనంతట తానే తయారైంది. కాలేజీ చదువే సిగరెట్‌కు దూరం చేస్తుందంటే, పదిహేడో ఏట రెండు రకాలవాళ్ల మధ్యా తేడా ఉండకూడదు. తేడా ఆ ఏడేళ్లలో పుట్టాలి. ఇరవై నాలుగో ఏటికి పెరిగి కనిపించాలి.

అలా కనిపించలేదు. ఇరవై నాలుగో ఏట ఎంత తేడా ఉందో, అదంతా పదిహేడో ఏటనే ఉంది. మున్ముందు నాలుగేళ్లూ ఆరేళ్లూ చదవబోయేవాళ్లు, ఆ చదువులో ఒక్క రోజు కూడా గడపకముందే, పక్క బెంచీవాళ్లకంటే తక్కువ తాగుతున్నారు. రాని చదువు అప్పటికే ఉన్న అలవాటుకు కారణం కాలేదు కాబట్టి, అదనపు చదువు వల్ల ఈ తేడా వచ్చిందనడం కుదరదని వాళ్లు తేల్చారు. చదువునూ పొగనూ రెండింటినీ నడిపిస్తున్న మూడో కారణం ఒకటో, కొన్నో ఉండి తీరాలన్నారు.

ఈ వాదం చదివి అర్థం చేసుకోవడానికి సంఖ్యాశాస్త్రం రానక్కర్లేదు. తేదీలు తెలిస్తే చాలు. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. పెద్ద పెద్ద సమీకరణాలతో ఆదాయాన్నీ తెలివినీ తల్లిదండ్రుల నేపథ్యాన్నీ సవరించుకుంటూ పోతే, చదివేవాడు రచయితను నమ్మాలి తప్ప తాను తేల్చుకోలేడు. ఇక్కడ ప్రతి మెట్టూ పాఠకుడి కళ్ల ముందే ఉంది. అలాగే ఎక్కడ ఆగాలో కూడా ఈ ఇద్దరికీ తెలుసు. మూడో కారణం ఉందని చెప్పారు. దాని పేరు ఇదేనని ఈ వ్యాసంలో తేల్చేయలేదు.

పేరు విషయంలో ఫ్యూక్స్‌కు ఒక అనుమానం మాత్రం ఉంది. అది ఓపిక. రేపటి మేలుకోసం ఇవాళ్టి సుఖాన్ని వదులుకోగలిగే గుణం. ఇంకో నాలుగేళ్లు జీతం లేకుండా పుస్తకాలతో కూర్చోవాలన్నా, చేతికందిన సిగరెట్‌ను వద్దనాలన్నా కావలసింది అదే గుణం కదా. అదే 1982లో వచ్చిన మరో వ్యాసంలో ఆయన దాన్ని కొలవబోయాడు. న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్ వాళ్లకు ఫోన్లు చేయించి డబ్బు ప్రశ్నలు అడిగించాడు. అందులో ఒకటి: ఇప్పుడే 1,500 డాలర్లు కావాలా, ఐదేళ్ల తర్వాత 4,000 డాలర్లు కావాలా?

లెక్క వేస్తే 1,500 ఐదేళ్లలో 4,000 కావాలంటే ఏడాదికి 21 శాతం పైచిలుకు చక్రవడ్డీ పడాలి. మన ఊళ్ల లెక్కలో నూటికి రెండు రూపాయల వడ్డీకి కాస్త తక్కువ. ఇప్పుడే కావాలన్నవాడు రేపటిని అంతకంటే చవగ్గా చూస్తున్నాడన్నమాట. ప్రశ్న ముచ్చటగా ఉంది కానీ, సిగరెట్ వ్యాసంలో ఉన్న బిగి ఈ కొలతలో లేదు. అమెరికాలో 1980లో ధరలు ఏడాదికి 13 శాతం పైగా పెరిగాయి. అలాంటి రోజుల్లో ఇప్పుడే ఇవ్వండి అన్నవాడికి ఓపిక లేదనాలా, లోకజ్ఞానం ఉందనాలా? అప్పుల్లో ఉన్నవాడి సంగతేమిటి? ఫోన్లో ఎవరో ఐదేళ్ల తర్వాత డబ్బిస్తామంటే నమ్మని మనిషిని ఏమనాలి? ఓపికకూ చదువుకూ, ఓపికకూ సిగరెట్‌కూ సంబంధం కనిపించింది కానీ బలహీనంగా కనిపించింది. ఫ్యూక్స్ దాన్ని బలమైనదిగా చూపించే ప్రయత్నం చేయలేదు. ఇది తొలి అన్వేషణ మాత్రమేనని వ్యాసం పేరులోనే చెప్పుకున్నాడు.

ఈ రెండు వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి తలుపు మూసింది, రెండోది ఇంకో తలుపు తట్టి చూసింది. మూసిన తలుపు గట్టిగా మూశామని చెప్పడమూ, తట్టిన తలుపు తెరుచుకోలేదని చెప్పడమూ ఒకే మనిషి ఒకే ఏడాది చేశాడు.

అయితే మూసిన తలుపు నిజంగా మూసుకుందా?

పాతికేళ్ల తర్వాత, 2007లో, డామియన్ ద వాల్క్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు అదే పత్రికలో దాన్ని మళ్లీ తట్టాడు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా యువకులను నిర్బంధంగా సైన్యంలోకి తీసుకునేవారు. కాలేజీలో ఉన్నవాళ్లకు వాయిదా దొరికేది. అందువల్ల మామూలుగా కాలేజీ మెట్లెక్కని కొందరు కూడా యుద్ధం తప్పించుకోవడానికి చేరారు. వీళ్లను కాలేజీకి పంపింది ఓపిక కాదు, భయం. అయినా వాళ్లలోనూ కాలేజీ చదువు పొగ తాగడాన్ని తగ్గించిందని, తాగేవాళ్లు మానేయడాన్ని పెంచిందని ఆయన కనుక్కున్నాడు. మానేయడం అన్న మాట దగ్గర ఆగాలి. ఫారెల్, ఫ్యూక్స్ గీసిన రెండో గీత ఇరవై నాలుగేళ్ల దగ్గర ఉంది. ముప్ఫై అయిదో ఏట, బిడ్డ పుట్టాక, దగ్గు మొదలయ్యాక మానేసేవాళ్లు ఆ కిటికీలోంచి కనిపించరు. పన్నెండో తరగతి లోపలి చదువు ఏం చేసిందో కూడా కనిపించదు, ఎందుకంటే అక్కడ అందరినీ సమానం చేసేశారు. ఆ వ్యాసం చూపించినది నిజం. చూపించిన మేరకు నిజం.

నిర్బంధ విద్యా చట్టాలను పట్టుకుని చేసిన పరిశోధనలూ ఒక మాట మీద లేవు. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో పిల్లలను మరికొంతకాలం బడిలో ఉంచిన చట్టాల వల్ల తర్వాత మరణాలు తగ్గాయని అడ్రియానా లేరాస్-మ్యూనీ 2005లో చూపింది. బ్రిటన్‌లో 1947లోనూ 1972లోనూ బడి మానడానికి అనుమతించే వయసును ఒక్కో ఏడాది పెంచారు. ఆ మార్పులను పరిశీలించిన క్లార్క్, రాయర్‌లకు 2013లో మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

నా దృష్టిలో సిగరెట్ వ్యాసంలోని అసలైన లోతు దాని ముగింపులో లేదు, అది తెరిచి వదిలేసిన చోట ఉంది. పదిహేడేళ్ల పిల్లలిద్దరూ ఒకే తరగతిలో ఉన్నారు, నిజమే. అయితే వాళ్ల రేపు ఒకటేనా? ఒకమ్మాయికి వచ్చే ఏడాది కాలేజీ అని ఇంట్లో ఎప్పటినుంచో అనుకుంటున్నారు. డబ్బు పక్కన పెట్టారు, అక్క ఇప్పటికే వెళ్లింది. ఇంకొకడు జూన్ రాగానే తండ్రి పనిచేసే చోట చేరతాడు. మొదటి అమ్మాయికి పోగొట్టుకోవడానికి ఒక భవిష్యత్తు కళ్లెదుట ఉంది. రాబోయే చదువు ఇంకా ఏమీ నేర్పకపోవచ్చు కానీ, వస్తుందన్న నమ్మకం అప్పుడే పని మొదలుపెట్టి ఉండవచ్చు. అదే నిజమైతే, మనం ఓపిక అంటున్న గుణంలో కొంతభాగం మనిషి స్వభావం కానే కాదు. ఎదురుచూడటానికి ఏదో ఉండటం. ఆ ఏదో ఉన్నవాడు ఎదురుచూస్తాడు.

ఆర్థికశాస్త్రజ్ఞులు గ్యారీ బెకర్, కేసీ మలిగన్ 1997లో రాసిన వ్యాసం ఈ వైపే నడిచింది. భవిష్యత్తును మనసులో స్పష్టంగా చూడగలగడం పుట్టుకతో వచ్చి ఆగిపోయేది కాదనీ, మనుషులు దానిమీద శ్రమ పెడతారనీ, చదువు అందుకు సాయపడుతుందనీ వాళ్లు వాదించారు. దీన్ని తరగతి గదిలో పరీక్షించినవాళ్లు షులే అలాన్, సెదా ఎర్తాచ్. ఇస్తాంబుల్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కొన్నింటిని లాటరీ పద్ధతిలో ఎంచుకుని, అక్కడి టీచర్లచేత కథలు, చర్చల రూపంలో పాఠాలు చెప్పించారు. మున్ముందు తాను ఎలా ఉంటానో పిల్లలు ఊహించుకోవాలి. ఇవాళ తీసుకున్న నిర్ణయం ఆ రేపటి తనకు ఏం చేస్తుందో ఆలోచించాలి. తర్వాత నిజమైన బహుమతులు ముందు పెట్టి, ఇప్పుడు కొన్నా, తర్వాత మరికొన్నా అని అడిగితే, ఆ పాఠాలు విన్న పిల్లలు ఎక్కువ ఓపిక చూపారు. దాదాపు మూడేళ్ల తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. 2018లో ఇది అచ్చయింది. ఫ్యూక్స్ అప్పటికి బతికే ఉన్నాడు. 2023లో, తొంభై తొమ్మిదేళ్ల వయసులో పోయాడు.

ఫారెల్, ఫ్యూక్స్ పనితనాన్ని మన దగ్గర ఉన్నదున్నట్టు దించలేం. ఎందుకో చూస్తే దాని కొలతలు ఎంత జాగ్రత్తగా దాని నేలకు సరిపోయేలా తీసుకున్నవో ఇంకా బాగా తెలుస్తుంది. అమెరికాలో ఆ తరంలో ఎక్కువమంది పన్నెండు పూర్తిచేసినవాళ్లే కాబట్టి పదిహేడో ఏట అందరినీ ఒకే తరగతిలో పట్టుకోగలిగారు. మన ఆంధ్ర, తెలంగాణల్లో పాత తరాలకు ఆ కొలత వేస్తే, పదిహేడో ఏటికి తరగతిలో మిగిలినవాళ్లే కొద్దిమంది. ఐదో తరగతి తర్వాత మానేసినవాళ్లు, పదో తరగతి తప్పి పొలానికో మేస్త్రీ వెంటో వెళ్లినవాళ్లు మన కథలో ముఖ్యమైనవాళ్లు. వాళ్లను వదిలేసి చేసిన లెక్క మనకు పనికిరాదు. మన గీత పదిహేనేళ్ల దగ్గర, పదో తరగతి పరీక్షలకు ముందు గీయాలి. ఇంకా వెనక్కి, పన్నెండేళ్ల దగ్గర గీస్తే మరీ మంచిది.

అలాంటి సమాచారం మనకు లేకపోలేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడిచే 'యంగ్ లైవ్స్' అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. 1994-95లో పుట్టిన సుమారు వెయ్యిమందినీ, 2001-02లో పుట్టిన సుమారు రెండువేలమందినీ వెంబడిస్తూ వస్తోంది. రాష్ట్రం రెండుగా విడిపోయినా ఆ పిల్లలను వదలలేదు. వాళ్ల ఎత్తు, బరువు, చదువు, ఇంటి పరిస్థితులతోపాటు ఎంతవరకు చదవాలనుకుంటున్నారని కూడా అడుగుతూ వచ్చారు. పెద్దయ్యాక గుర్తుతెచ్చుకుని చెప్పిన జవాబు కాదది, ఆ వయసులో ఆ పిల్లలు చెప్పిన మాట. ఫారెల్, ఫ్యూక్స్ చేతికి ఇలాంటిది అందలేదు.

మరి సిగరెట్ స్థానంలో మనం దేన్ని పెట్టాలి? మగపిల్లలకు బీడీ, సిగరెట్, గుట్కా సరిపోతాయి. మొదలుపెట్టిన వయసు వాళ్లకూ గుర్తుంటుంది. ఆడపిల్లల విషయంలో ఇది కుదరదు, వాళ్లలో పొగతాగేవాళ్లు చాలా తక్కువ. వాళ్ల ఆరోగ్యాన్ని మార్చేదీ, ఏ ఏడాది జరిగిందో ఇంటిల్లిపాదికీ గుర్తుండేదీ పెళ్లి. కానీ పదహారో ఏట పెళ్లయితే చదువు ఆగిపోతుంది. ఆరోగ్యం వైపు కొలవాలనుకున్నదే చదువును కోసేస్తుంది. సిగరెట్‌తో ఫారెల్, ఫ్యూక్స్ అంత తేలిగ్గా తప్పించిన రెండో కారణం ఇక్కడ ఎదురుగా వచ్చి నిలబడుతుంది. పైగా ఆ పెళ్లి ఎప్పుడన్నది అమ్మాయి ఓపికను బట్టి జరిగేది కాదు, పెద్దలు పెట్టిన ముహూర్తాన్ని బట్టి జరిగేది. కాబట్టి ఆడపిల్లల దగ్గర ఈ పరీక్ష పెట్టేవాళ్లు ముందు తల్లిదండ్రులను అడగాలి, అమ్మాయికి పన్నెండేళ్లున్నప్పుడే అడగాలి: ఈ పిల్ల ఎంతదాకా చదువుతుందని మీరు అనుకుంటున్నారు, ఏ వయసులో పెళ్లి చేద్దామని అనుకుంటున్నారు? ఆ రెండు జవాబులనూ రాసి పెట్టుకుని, పదేళ్లు ఆగి, ఆ అమ్మాయి రక్తహీనతనూ, మొదటి కాన్పు వయసునూ, బిడ్డ బరువునూ వాటి పక్కన పెట్టి చూడాలి.